గొంగడిలో దాచిన గద్వాల చీర

పోయిన నెలలో ఒక ఆదివారం మా నాగర్‌కర్నూల్ ఇంట్లో టీవీ రిమోట్ కనబడక మా ఆయన సోఫాను పక్కకు జరిపాడు. రిమోట్ దొరకలేదు గానీ ఒక రాజ్యం దొరికింది. ఎగ్జిబిషన్‌లో మురిసి ముక్కలై ఆయన కొనుక్కొచ్చిన ఉన్ని తివాచీ, సోఫా కింద చీకట్లో ఉన్నంత మేర, నడివయసు మగవాడి నడినెత్తి లెక్క నున్నగా తేలి ఉంది. దాని మీద బియ్యపు గింజ కంటె చిన్న పురుగులు, ఒళ్లంతా బొచ్చు, గోధుమరంగు చారలు, పెళ్లి భోజనంలో ఆఖరి బంతి వాళ్ల లెక్క తీరికగా తింటున్నాయి. మా ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాడు. చెట్టు అయితే ఏదో ఒకటి అనేవాడు, పురుగు కాబట్టి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కుర్చీ మీదనే ఫోన్ తీసి గంటసేపు చదివి, కిందికి దిగకుండానే నాకు పాఠం చెప్పాడు. కిటికీ చట్రం మీద ఆవగింజంత, మచ్చలు మచ్చలుగా, గుండ్రంగా తిరిగేవి పెద్ద పురుగులట. అవి పాపం పూల మీద వాలి పుప్పొడి తిని మర్యాదగా బతుకుతాయట. చీకట్లో కూర్చొని ఇంటి గుడ్డలు తినేదంతా వాటి పిల్లలట. ఉన్ని, పట్టు, వెంట్రుక, ఈక, అంటే ఒకప్పుడు ప్రాణమున్న దాని ఒంటి మీద నుంచి వచ్చిందేదైనా వాటికి బిర్యానీ. శుభ్రంగా ఉతికిన నూలును మాత్రం మూతితో కూడా తాకవట.

పట్టు అన్న మాట చెవిన పడగానే నేను బీరువా దగ్గరికి ఉరికాను. బీరువాలో ఉన్న చీరలన్నీ మిద్దెక్కించి, తాళ్లు కట్టి, ఎండలో ఆరేశాను. చూసినవాళ్లు ఇక్కడ చీరల దుకాణం పెడుతున్నారా అని గేటు దగ్గర ఆగి అడిగారు. ఒక్కో చీరను దులిపి, వెలుగుకు ఎత్తిపట్టి, అంచు పొడుగునా వేలు పోనిచ్చి చూసి, ఎక్కడా చిల్లు లేదని తేలాక మెట్ల మీదనే కూలబడి చాయ్ తాగాను. అంత తీపి చాయ్ నా జన్మలో తాగలేదు, అందులో చక్కెర వేయడం మరిచిపోయానని తర్వాత తెలిసింది. ఆ సంబరంలోనే గద్వాలలో ఉన్న మా చిన్నత్తకు, అంటే మా నాయిన చిన్నచెల్లెకు, ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆమె అవతల నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. తెరిపిన పడ్డాక, పురుగును తిట్టుడు బంద్ చేసి తివాచీని ఎండకు తిప్పమని మీ ఆయనకు చెప్పు అని, జర ఆగి, "మనింట్ల గొంగడి యాదికున్నదా బిడ్డా" అని అడిగింది. యాది లేకపోవడమేమిటి. ఆ గొంగడి కథలో పట్టుచీర ఒకటి చచ్చి బతికింది.

మా ఇల్లు అయిజలో, మట్టి మిద్దె. గోడల మందం ఎంతంటే, వంటింట్లో తిడితే వాకిట్లోకి వచ్చేసరికి అది ఆశీర్వాదంలా వినబడేది. లోపల ఎప్పుడూ పల్లికాయ వాసన, ఆముదం వాసన, కాలిన జొన్నరొట్టె వాసన కలిసి ఒకే కుటుంబంగా ఉండేవి. వెలుతురుకు నడింట్లో పైకప్పుకు గవాచి అని ఒక బొక్క ఉండేది. అందులోంచి పడే ఎండముక్క పొద్దున పడమటి గోడ మీద మొదలుపెట్టి సాయంత్రానికి తూర్పు గోడ ఎక్కేది, అదే మా గడియారం. ఆ ముక్క తిరగలి దగ్గరికి వచ్చిందంటే పరుపులు, బొంతలు, దిండ్లు అన్నీ మిద్దె మీదికి పోవాల్సిందే. నల్లుల భయం. రోజూ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పడకలు నెత్తిన పెట్టుకొని నిచ్చెన ఎక్కేవాళ్లం, పొద్దు వాలినాక మళ్లీ దించేవాళ్లం. కొత్తగా చూసిన చుట్టం ఎవరైనా ఉంటే, ఈ ఇంటోళ్లు రోజూ ఇల్లు ఖాళీ చేసి పోతున్నారని అనుకునేవాడు.

ఈ ఏలుబడికి రాణి మా అవ్వ, నాయినకు అమ్మ. మనిషి పిడికెడు, గొంతు మండలమంత. నడుముకు వేలాడే తాళంచెవి ఆమె సందుగ పెట్టెది. ఆ సందుగలో ఆమె పెట్టిన కాపలా చూస్తే గద్వాల కోటకు కూడా అంత బందోబస్తు ఉండి ఉండదు. అడుగున ఎండిన వేపాకు, దాని మీద వస కొమ్ములు, మూలల్లో పొగాకు కాడలు, అన్నింటి పైన డాంబర్ గోలీలు. మూత ఎత్తితే వీధిలో పోయే కుక్క ఆగి తుమ్మి పోయేది. సందుగ మధ్యలో, ఇంత సైన్యం నడుమ, ఒక నల్ల గొంగడి చుట్ట. ఆ గొంగడి లోపల అవ్వ పెండ్లి నాటి గద్వాల చీర.

గొంగళ్లు మా ఇంట్లో రెండుండేవి. ఒకటి తాతది, చేన్ల గొంగడి. వానకు నెత్తిన కప్పుకునే కొప్పెర, చలికి దుప్పటి, ఎడ్లబండి మీద మెత్త, పంచాయితి కాడ గద్దె, పల్లికాయకు సంచి. దానికి సెలవు లేదు. రెండోది కొత్త గొంగడి, మర్యాద గొంగడి. గొర్లు కాసే కురుమోళ్ల కాడ చెప్పి నేయించుకున్నది, చుట్టాలకు కూడా పరవకుండా దాచింది. గొంగడి మీదికి పాము పాకదని మా దిక్కు గట్టి నమ్మకం. బొచ్చు గుచ్చుకుంటదట. చేన్లో కావలి పడుకునేవాళ్లంతా ఆ ధైర్యంతోనే కళ్లు మూసేవాళ్లు. అవ్వ ఆ నమ్మకాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పామే దాటనిది పురుగు దాటుతదా అని లెక్క వేసి, తన బతుకులో ఉన్న ఒకే ఒక్క పట్టంచు చీరను ఆ గొంగట్లో చుట్టి, తాడుతో బిగించి, తనకు తప్ప వేరే ఎవరికీ రాని ముడి ఒకటి వేసింది. ఉన్ని తినే పురుగుకు ఇంతకు మించి అత్తారిల్లు ఉండదని ఆమెకు చెప్పేవాళ్లెవరు? చెప్పినా వినే మనిషి కాదనుకోండి.

ఆ చీర సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, వాటిలో జరీ. అవ్వ చీర ఒళ్లు గోధుమ రంగు, అంచు ఎర్రది. అది మేమెవ్వరం చూడలేదు, అవ్వ చెప్పగా విన్నాం. వినీ వినీ ఆ అంచు మా ఊహల్లో జానెడు నుంచి మూరెడయింది, జరీ కాస్త బంగారు కడ్డీ అయింది. అది తన పెద్దబిడ్డకు, అంటే మా పెద్దత్తకు, ఇస్తానని అవ్వ మాట. పెద్దత్తను వనపర్తికి ఇచ్చారు. పెండ్లయి కొన్నేండ్లకు ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు కొంగులో పోసి, చీర పెట్టి పంపుతారు కదా, ఒడిబియ్యం. ఆనాడు నా చీర నీకే అని అవ్వ, పెద్దత్త పరికిణీ వేసుకునే కాలం నుంచి చెప్తూ వచ్చింది. పోయినసారి పోయాల్సిన ఏడు కరువొచ్చి ఒడిబియ్యం తప్పింది. అప్పటి నుంచి అక్కడ అత్త సాధింపు. మా అమ్మ చీర, మా అమ్మ చీర అంటవు, ఉన్నదా అసలు, కలల వచ్చిందా అని రోజుకో తీరుగా దెప్పేదట. చీరంటే మా పెద్దత్తకు చీర కాదు. తన పుట్టింటి మాట నిజమని ఆ ముసలామెకు చూపించుకునే సాక్ష్యం.

ఆ ఏడు పంటలు మంచిగ పండినయి. కబురు పోయింది. పెద్దత్త, మామ, ఆ సాధించే అత్త, ముగ్గురూ మా పడకలు మిద్దెక్కే వేళకు బస్సు దిగారు. మా ఇంట్లో అప్పటికే బక్షాల వాసన. చిన్నత్తకు ఇంకా పెండ్లి కాలేదు, పొయ్యి కాడ కూర్చొని పూర్ణం ఉండలు చేస్తోంది. అవ్వ వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, ఊపిరి తీసుకోనియ్యకుండా, సందుగను గవాచి వెలుగులోకి లాగించింది. వియ్యపురాలు కళ్లారా చూడాలని ఆమె తహతహ. ఇల్లంతా చుట్టూ చేరాం. తుమ్ముల కచేరీ అయినాక, అవ్వ తొందరలో ముడి దిక్కు చూడకుండానే తాడు లాగేసి, గొంగడి పొర తీసింది.

పొర కాదు, జల్లెడ. ఎత్తితే ఎత్తిన చోట చేతికి నల్లటి పొడి వచ్చింది. దాని నిండా పొట్టు లెక్క చిన్న చిన్న తోళ్లు, ఆ తోళ్ల నడుమ బొచ్చు పురుగులు. గొంగట్లో బువ్వ తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని మనోళ్ల సామెత ఉంది, ఈ పురుగులు వెంట్రుకలనే బువ్వ చేసుకున్నాయి, ఏరే పని పెట్టుకోలేదు. వేపాకు చెక్కుచెదరలేదు. వస కొమ్ములు అట్లనే ఉన్నాయి. పొగాకును వాసన కూడా చూసినట్టు లేవు. డాంబర్ గోలీలు మాత్రం కరిగి కరిగి ఆవగింజలంత మిగిలాయి. అవ్వ లోపలి నుంచి ఒక గోధుమ రంగు బట్ట తీసి విప్పింది. నూలు బట్ట. చివరిదాకా విప్పింది, తిరగేసింది, ఇటు కొస చూసింది, అటు కొస చూసింది. అంచు లేదు. కొంగు లేదు. నూలు మాత్రం ఒక్క చిల్లు లేకుండా, ఉతికి ఆరేసినట్టు ఉంది.

అవ్వ నేల మీద చతికిలబడింది. "పట్టంత తిన్నది. నూలు ఇడిసింది" అన్నది.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ పూట మా అందరికీ అది నూటికి నూరుపాళ్లు నిజమనిపించింది. పట్టు వేరు, నూలు వేరు అయిన చీర కదా. వేరే ఊళ్లో వేరే చీర అయితే ఇట్లాంటి అనుమానం పుట్టనే పుట్టదు. తాత ముందుకు వంగి ఆ బట్ట అంచును వేలితో తడిమి, కత్తెర పెట్టి కోసినట్టు తిన్నది, దీంట్ల దర్జీ పురుగు కూడ ఉన్నట్టున్నది అన్నాడు. నవ్వించడానికి కాదు, నిజంగానే పురుగు పనితనానికి ఆశ్చర్యపోయాడు. అవ్వ చూపుకు తట్టుకోలేక, ఎడ్లకు నీళ్లు పెట్టొస్తనని తన గొంగడి భుజానేసుకొని బయటపడ్డాడు.

వియ్యపురాలు గడపకు ఆనుకొని, ఏ మాత్రం తొందర లేకుండా, "ఏమో వదినె, మా వనపర్తి పురుగులకైతె గింత తెలివి లేదు" అన్నది.

ఆ మాటలో ఉన్న ఉప్పు అందరికీ తెలిసింది. చీర ఎన్నడూ లేదని, ఇదంతా తల్లీబిడ్డలు కట్టిన కథ అని దానర్థం. పెద్దత్త మొహం చూడలేకపోయాను. పోనియ్యమ్మా, చీరదేముంది అన్నది గానీ ఆ గొంతు ఆమెది కాదు, ఎవరి దగ్గరో బదులు తెచ్చుకున్నట్టుంది. అవ్వ ఆ నూలు బట్టను ముఖానికి అడ్డం పెట్టుకొని, బిడ్డకు మాట చెప్పి తప్పిన, తలుపుకు తాళమేసి దొంగను ఇంట్లనే వెట్టుకున్న అని ఒకటే తలకాయ కొట్టుకుంటోంది. అంత గొంతున్న మనిషి అంత చిన్నగా ఏడవగలదని మాకెవరికీ తెలియదు.

అప్పుడు పొయ్యి కాడి నుంచి చిన్నత్త లేచింది. చేతికి పూర్ణం, మోచేతికి పిండి. నిచ్చెనెక్కి మిద్దె మీదికి పోయింది. ఎండకు వేసిన పడకల్లోంచి తన దిండు తెచ్చింది. తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది.

"అమ్మా, దీన్ల ఉన్నది సూడు."

అవ్వకు అర్థం కాలేదు. చిన్నత్తే చేతులు తుడుచుకొని గలీబు గుండీలు విప్పి లోపల చెయ్యి పెట్టి లాగింది. దూది రాలేదు. ఎర్రటి అంచు వచ్చింది, దాని వెనుక జరీ కొంగు వచ్చింది, గవాచి ఎండముక్క దాని మీద పడి ఇల్లంతా ఒక్కసారి కొత్తగా సున్నం వేసినట్టయింది. మేం ఊహించినంత మూరెడు లేదు. కానీ చూసిన ఎవ్వరమూ ఆ లెక్క అడగలేదు.

అసలు సంగతి చిన్నత్త నేల చూస్తూ చెప్పుకొచ్చింది. అవ్వ స్నానానికి పోయినప్పుడు తాళంచెవి కొయ్యకు తగిలించి పోతుంది. ఒక్కపారి కట్టుకొని చూద్దామని తీసింది. తీసి, కట్టుకొని, మిద్దె మీద అటూ ఇటూ నడిచింది. కిందికి దిగి దాన్ని విప్పి మడత పెడదామనేలోపే అవ్వ వచ్చే చప్పుడయింది. చేతికందిన పాత నూలు చీర ముక్కను, అంచు చింపి ఎప్పుడో ఉయ్యాలకు కట్టిన దాన్ని, రంగు కలిసిందని గొంగట్లో చుట్టి, అవ్వ ముడి రాదు కాబట్టి తనకు తోచిన ముడి వేసింది. మళ్లీ వీలు చూసి మార్చేద్దామనుకుంది. వీలు చాలాసార్లు వచ్చింది. మనసే రాలేదు. దిండులోని దూది తీసేసి చీరను దాచుకుంది. రోజూ దాని మీదే పడుకుంది, ఎవరూ లేనప్పుడు కట్టుకుంది, దులిపింది, మడత మార్చింది. మిగిలిన పని మా నల్లుల భయం చేసింది. దిండు కాబట్టి రోజూ మధ్యాహ్నం దాన్ని మేమే మిద్దెక్కించి ఎండబెట్టాం. చీకట్లో, కదలకుండా, ఎవ్వరూ ముట్టకుండా ఉన్నదాన్ని పురుగు తిన్నది. ఎండకూ మనిషికీ దొరికినదాన్ని తినలేకపోయింది. తాత చేన్ల గొంగడికి కూడా, చూసుకుంటే, ఒక్క చిల్లు లేదు.

అవ్వ చెయ్యి లేస్తుందని మేమంతా ఎదురుచూస్తున్నాం. మా అమ్మ అయితే చిన్నత్తకూ అవ్వకూ నడుమ నిలబడడానికి చాట ఒకటి పట్టుకొని తయారుగా ఉంది. అవ్వ మాత్రం చీరను పొడుగునా విప్పించి, ఈ కొస నుంచి ఆ కొసదాకా, వేలితో పోగు పోగు తడుముకుంటూ పోయింది. ఎక్కడా ఏమీ లేదు. కొంగు దాకా చేరి ఒక పెద్ద ఊపిరి విడిచింది. ఆ గాలికి దీపం పెట్టి ఉంటే ఆరిపోయేది. చీరను వాసన చూసింది, కొబ్బరినూనె, పౌడర్, చిన్నత్త. అప్పుడు తలెత్తి, తిట్టుకు సిద్ధంగా ఉన్న బిడ్డను మెల్లగా అడిగింది.

"కట్టుకుంటె ఎట్లుండె?"

చిన్నత్త ఉలిక్కిపడింది. చూపు నేల మీది నుంచి ఎత్తి, "బరువే ఉండదమ్మా. నడుస్తుంటె అంచు కాళ్లకు తగిలి, ఎవరో ఎనుక తోడు వస్తున్నట్టుంటది" అన్నది.

"నాకు తెల్వదు" అన్నది అవ్వ. "పెండ్లినాడు ఏడ్సుకుంట కట్టుకుంటిని. ఏం యాది లేదు."

పొయ్యి మీద బక్షం మాడుతున్న వాసన వస్తున్నా ఎవ్వరూ కదల్లేదు. పెద్దత్త లేచి, తల్లి ఒళ్లోంచి చీర తీసుకొని, తిరిగి తల్లి భుజం మీదే వేసింది. ఇయ్యాల నువ్వు కట్టుకో, కట్టుకొని నా ఒళ్లె బియ్యం పొయ్యి, సాయంత్రం ఇయ్యి అన్నది. అవ్వ గింజుకుంది. కట్టి విడిచిన చీర ఆడబిడ్డకు ఎవరన్నా పెడతరా, నలుగురు నవ్వరా అన్నది. అమ్మ కట్టినంక అది నాకు ఇంకింత కొత్తది అన్నది పెద్దత్త. తగువు తేలేట్టు లేదు. అప్పుడు గడప కాడి వియ్యపురాలు లోపలికి వచ్చింది. అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకొని చూసింది, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది, ఇంకా ఏ వంకా దొరకక వదిలింది.

"కట్టుకో వదినె" అన్నది. "గింత దూరం బస్సుల వచ్చిన, దులిపి మడతవెడితె సూసిపోవుడేనా."

బిడ్డలిద్దరూ కలిసి అవ్వకు ఆ చీర కట్టారు. కుచ్చిళ్లు పెద్దత్త పెట్టింది, కొంగు చిన్నత్త సర్దింది. అవ్వ రెండడుగులు వేసి, కాళ్ల కాడికి చూసుకొని, మళ్లీ రెండడుగులు వేసింది. అంతలో ఎడ్లకు నీళ్లు పెట్టి తాత వచ్చాడు. ఎండలోంచి చీకటింట్లోకి వచ్చిన కళ్లు. భుజం మీది గొంగడి తీసి గబగబా పరిచి, ఎవరింటోళ్లమ్మా, కూసో, మా ఆమెను పిలుస్త అని లోపలి అర్ర దిక్కు నడిచాడు. అది కావాలని అన్నాడా, నిజంగానే ఆనవాలు పట్టలేదా అని మా ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి. అవ్వ మాత్రం గోడ వైపు తిరిగి నిలబడింది. పిల్లలం ముందుకు పోయి చూస్తే నవ్వుతోంది.

ఆ రోజు ఒడిబియ్యం ఎంత బాగా జరిగిందంటే, బక్షాలు మాడాయన్న సంగతి తిన్నవాళ్లకు కూడా తెలియలేదు. సాయంత్రం బస్సుకు పెద్దత్త ఆ చీర కట్టుకొని, పసుపు బియ్యం ఒళ్లో పెట్టుకొని కిటికీ పక్క సీట్లో కూర్చుంది. పక్కన ఆమె అత్త, దారి పొడుగునా ఎక్కినవాళ్లకల్లా ఇది మా వియ్యపురాలి పెండ్లి చీర అని చెప్పుకుంటూ పోయిందని మామ తర్వాత చెప్పాడు. పురుగు తిన్న గొంగడిని తాత చేనికి తీసుకుపోయి కాల్చేశాడు. అవ్వ సందుగకు ఆ తర్వాత తాళం వేయలేదు. పండగ వచ్చినా రాకపోయినా ఉన్న గుడ్డలన్నీ బయటికి తీసి దులిపించేది, దులిపిన ప్రతిసారీ ఎవరో ఒకరిని ఏదో ఒకటి కట్టుకోమనేది.

మన కాలంలో గాలి పీల్చేసే కవర్లున్నాయి, జిప్పులున్నాయి, బీరువాలో పెట్టే బిళ్లలకు గులాబీ వాసన కూడా ఉంది. ఇంత పెట్టుకొని కూడా నా పట్టుచీరల్లో సగం, నా ఒంటి మీద కంటె కవర్లోనే ఎక్కువ బతికాయి. ఫోటోలో బాగుండాలని కొన్నవి కొన్ని, మడత చెదురుతుందని కట్టనివి కొన్ని. అవ్వకు ఉన్నది ఒక్కటి, దాచడానికి ఆమెకు కారణం ఉంది. ఇన్నున్న నాకు ఏం కారణమో నేనే చెప్పలేను. మొన్న వనపర్తి పోయినప్పుడు పెద్దత్తను ఆ చీర ఏదీ, ఒకసారి చూపించు అని అడిగాను. ఆమెకు ఇప్పుడు అవ్వ వయసు, అవ్వ గొంతు. నన్ను ఎగాదిగా చూసి, మంచం మీద కాళ్లు చాపుకొని, గెలిచినామె లెక్క చెప్పింది.

"యాడిది బిడ్డా, కట్టీ కట్టీ చింపిన. పురుగుకు ఒక్క పోగు మిగలనియ్యలె."